పాత గాజు సీసాలు సేకరించి విలువ కట్టడం ఎలా? ముందు కడగడం నేర్చుకోండి

పాత సీసా చేతికి రాగానే నేరుగా కుళాయి కిందికి ఎత్తుకుపోయేవాళ్ళని చూస్తే నాకు కడుపు మండిపోతాది. మన తిరుపతి, చిత్తూరు పక్కల సీసాలు పగిలిపోయి పోగొట్టుకునేదానికంటే కడిగి పోగొట్టుకునేదే ఎక్కువ. తాతల కాలం నుంచి అటక మీద భద్రంగా ఉన్న సీసాకి ఒక్క పూటలో యాసిడ్ పోసి, స్టీలు పీచుతో బరబరా రుద్ది, ఉన్న కాస్త లేబుల్ ఊడగొట్టి, "చూడన్నా ఎట్ల మెరస్తా ఉందో" అని ఫోటో పంపిస్తారు. మెరస్తా ఉంది సరే, దాని విలువ అప్పుడే మోరీలో కలిసిపోయింది. అందుకే మిగతావన్నీ గబగబా చెప్పేస్తా, కడిగేకాడ మాత్రం నిదానంగా చదవండి.

యాడ దొరకతాయి

పాత ఇనుప సామాన్ల అంగళ్ళు, మూతబడిన సోడా అంగళ్ళు, పాత కాంపౌండర్ల ఇళ్ళు, అన్నిటికంటే ముఖ్యంగా కూలగొట్టే పాత మిద్దెలు. చంద్రగిరి, పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి పక్క పాత ఇల్లు పడగొడతా ఉన్నారని తెలిస్తే మేస్త్రీతో ముందే మాట్లాడి పెట్టుకోండి, ఎందుకంటే గాజు కిలోల లెక్కన తూకానికి పోయినాక ఇంక మిగిలేది పెంకులే. చంద్రగిరి కోట చుట్టూ గడ్డపార ఎత్తుకుని తిరగద్దండి, అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కోట, ఆడ తవ్వితే కేసు అవుతాది, అట్ల కావడమే న్యాయం.

ఇంకో మాట, మొదటి రోజు నుంచే ఒక్క రకం పెట్టుకోవాలి. గోలీ సోడా అయితే గోలీ సోడా, మందు సీసాలయితే మందు సీసాలు, ఇంకు బుడ్లు అయితే ఇంకు బుడ్లు. అన్నీ కలిపి కొనేవాళ్ళకి ఏ ఒక్కదాని మీదా చెయ్యి తిరగదు, ధర చెప్పడం అసలు రాదు.

ఏం కావాలి

నగల అంగట్లో వాడే పది రెట్ల భూతద్దం, చిన్న టార్చి, ప్లాస్టిక్ టబ్బు, పాత తువ్వాలు, పిల్లల పాల సీసా కడిగే బ్రష్, గిన్నెల లిక్విడ్ సబ్బు, తెల్ల వెనిగర్, రబ్బరు గ్లౌజులు, ఒక క్యాన్ తాగే నీళ్ళు. బ్రష్ కమ్మీ చివర ప్లాస్టిక్ తొడుగు ఉందో లేదో చూసి కొనండి, లేకపోతే ఆ కమ్మీ లోపల గీతలు పెట్టేస్తాది. అంతే, ఇంకేమీ అక్కర్లేదు.

కడిగేది

ముందు నీళ్ళు ముట్టుకోకుండా సీసాని చూడాలి. కాగితం ఏమన్నా అంటుకుని ఉందా? ఉంటే బయటి పక్క చుక్క నీళ్ళు కూడా తగలకూడదు, మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి వదిలేయాలి. పాత మిక్చర్ సీసాలు, అంటే కాంపౌండర్ కలిపిచ్చే నీళ్ళ మందు సీసాలు ఉంటాయి కదా, దాని పక్కన సన్నటి కాగితం పీలిక ఒకటి అంటించి ఉంటాది, అంచులో కత్తెరతో గాట్లు పెట్టి. ఒక గాటు నుంచి ఇంకో గాటు దాకా ఒక మోతాదు, కాంపౌండర్ చేత్తో కత్తిరించి జిగురు పూసి అంటించింది. ఆ పీలిక ఉన్న మామూలు సీసా, పీలిక పోయిన మంచి సీసా కంటే గొప్పది, నా కళ్ళకైతే ఎప్పుడూ అంతే. చాలామంది దాన్ని చెత్త కాగితం అనుకుని గోటితో గీకేస్తారు. అట్లాంటి సీసాకి లోపల మాత్రమే, సన్న గరాటు పెట్టి, నిలువుగా పట్టుకుని కడగాలి.

రెండోది, చీకటి గదిలో టార్చి వేసి చూడాలి. నెర్రె ఉంటే లోపల వెండి తీగ లెక్క తళుక్కుమంటాది. ముఖ్యంగా మెడ భుజాన్ని కలిసేకాడ, అడుగు అంచున చూడండి. నెర్రె ఉన్న సీసాని నానబెట్టకూడదు, తడిగుడ్డతో తుడవడమే.

మూడోది వేడి. దీనికే ఎక్కువ సీసాలు బలైపోయేది. మన తిరుపతి ఎండల్లో గుజిరీ అంగడి రేకుల కింద పడున్న సీసాని తెచ్చి వెంటనే చల్లనీళ్ళలో ముంచితే టక్కుమని చీలిపోతాది. పాత సీసాల్లో గాజు ఒక్క తీరుగా ఉండదు, అడుగు అంగుళం మందం, భుజం అట్ట మందం ఉంటాది, ఒక పక్క తొందరగా చల్లబడి ముడుచుకుంటాది, ఇంకో పక్క ఇంకా వేడిగానే ఉంటాది, ఆ లాగుడుకే చీలేది. పైగా ఆ కాలంలో చేసినాక గాజుని నిదానంగా చల్లార్చే పని అన్నిచోట్లా సరిగా జరగలేదు, కొన్ని సీసాల్లో ఆ బిగువు ఇప్పటికీ లోపలే ఉంటాది. తెచ్చిన సీసా ఒక రాత్రి నీడన ఉండాల్సిందే. వేడినీళ్ళు పోస్తే జిడ్డు వదలతాది అని చెప్పేవాళ్ళ మాట వినద్దు, గది వేడి ఎంతో నీళ్ళ వేడి అంతే ఉండాలి.

నాలుగోది, నానబెట్టడం. టబ్బు అడుగున తువ్వాలు పరిచి, ఒక్క సీసా మాత్రమే పెట్టి, సబ్బునీళ్ళు పోసి వదిలేయండి. రోజూ నీళ్ళు మార్చండి. లోపలి మట్టి దానంతట అదే వదలతాది, తొందరపడి పుల్లలు, ఇనుప కమ్మీలు దూర్చేది ఏముంది? ఇంకా వదలకపోతే పిడికెడు పచ్చి బియ్యం, సబ్బునీళ్ళు వేసి మెల్లగా గుండ్రంగా తిప్పండి. ఇసుక వద్దు. ఇసుకలో ఉండేది గాజుని గీకేంత గట్టి పదార్థం, దాంతో కడిగితే లోపల మసక తగ్గదు, పెరగతాది. గులకరాళ్ళు, సైకిలు బేరింగు గుండ్లు వేసి ఊపేవాళ్ళని వీడియోల్లో చూసినా, చూస్తే ప్రాణం ఉసూరుమనింది.

గోలీ సోడా సీసాని మాత్రం గట్టిగా ఊపనే కూడదు, గోలీ పోయి మెడలోని నొక్కుల్ని కొడతాది. మూతి లోపల గట్టిపడిపోయిన నల్ల రబ్బరు వాషర్ ఉంటే దాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకలించద్దు, మూతి పెచ్చు లేచేది అట్లనే. ఆ రబ్బరు ఆడనే ఉండనీండి.

ఇంక అసలు గొడవ, తెల్ల పొర. మన పక్క బోరునీళ్ళు ఎట్లాంటివో తెలిసిందే, బిందెకే గార కడతాది, సీసాకి కట్టదా? కానీ సీసా మీద తెల్లగా కనిపించేదంతా గార కాదు. ఇంకో రకం ఉంది, అది గాజుకొచ్చిన జబ్బు. ఏళ్ళ తరబడి తడిలో ఉంటే గాజులోని సోడా, పొటాషు లాంటివి నీళ్ళలోకి జారిపోయి పైన డొల్ల పొర మిగలతాది, ఒక్కోసారి ఇంద్రధనుస్సు రంగులు కూడా కనిపిస్తాయి, భూతద్దంలో చూస్తే పొలుసులు. ఈ రెండింటినీ వేరుచేయడం రాకపోతే సీసాల జోలికి పోవద్దు.

పరీక్ష ఇట్ల చేయాలి. దూది ముక్క వెనిగర్‌లో ముంచి, తెల్లగా ఉన్నకాడ ఒక్కచోట అరగంట అంటించి పెట్టండి. తీసి తుడిచి, బాగా ఆరినాక చూడండి. ఆరకముందు చూస్తే మోసపోతారు, తడిమీద రెండు రకాలూ మాయమైనట్టే కనిపిస్తాయి. ఆరినాక ఆ చోటు తేటగా ఉంటే అది గార, అప్పుడు వెనిగర్ సగం నీళ్ళు సగం కలిపి నానబెట్టండి, పోతాది. ఆ చోటు ఏమీ మారకపోతే అది జబ్బు, ఏ పులుపూ దాన్ని తీయలేదు. రాగి ముక్కలు, పాలిష్ పొడి వేసి మిషన్లో తిప్పి తేట చేసేవాళ్ళు ఉన్నారు, కానీ అది పై గాజుని అరగదీయడం, దాంతోపాటు ఉబ్బెత్తు అక్షరాల అంచులు కూడా మొద్దుబారతాయి. నేనైతే మసకతోనే ఉంచమంటా. అమ్మేవాళ్ళు కొందరు ఆ మసక కనపడకుండా నూనె పూస్తారు, కాబట్టి నున్నగా జారే సీసాని సబ్బుతో కడిగి ఆరబెట్టి చూసినాకే బేరం.

చింతపండు వాడచ్చు కదా అంటారు. ఇత్తడి చెంబుకి వాడండి. సీసా మెడలో ఇరుక్కున్న చింతపండు పీచు తీయడానికి ఇంకో రెండు రోజులు పడతాది, వెనిగర్‌కి ఆ పీడ లేదు. బాత్రూం యాసిడ్ వాడేవాళ్ళకి ఒకటే చెప్తా: అది లేబుల్‌ని, రంగుతో అచ్చేసిన అక్షరాల్ని, లోహపు మూతల్ని తినేస్తాది, దాంట్లో ఎవరన్నా బ్లీచింగ్ కలిపితే క్లోరిన్ గ్యాస్ వచ్చి మనిషికే ముప్పు. గాజుని నిజంగా కరిగించే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఇంకోటి ఉంది, అది చర్మం దాటి ఎముక దాకా పోతాది, ఎవరు ఇస్తామన్నా ముట్టద్దు.

లోపల మందు గానీ పొడి గానీ మిగిలి ఉంటే వాసన చూడద్దు, గ్లౌజుల్లేకుండా తాకద్దు, సింకులో పోయద్దు. ఆ కాలం మందుల్లో పాదరసం, ఆర్సెనిక్ మామూలే. నీలం రంగులో, ఆరు పలకలుగా, పక్కన గీతలు గీతలుగా ఉండే సీసా దొరికితే అది విషం సీసా, చీకట్లో చేత్తో తడిమినా తెలియాలని ఆ గీతలు పెట్టినారు.

చివరి కడుగు క్యాన్ నీళ్ళతోనే. బోరునీళ్ళతో ముగిస్తే ఆరేలోపు మళ్ళీ గార. నీడన బోర్లించి ఆరబెట్టండి.

వయసు పట్టేది

అచ్చు అతుకు గీత చూడండి, అంటే అచ్చు ముక్కలు కలిసేకాడ సీసా పక్కన నిలువుగా పడే గీత. మైకేల్ ఓవెన్స్ అమెరికాలో 1903లో ఆటోమేటిక్ సీసా మిషన్ నడిపించినాక అతుకు గీత మూతి అంచు దాకా వచ్చింది, అంతకుముందు మూతి చేత్తో కట్టేవాళ్ళు కాబట్టి గీత మెడలోనే ఆగిపోతాది. ఇది అందరికీ తెలిసిన సూత్రమే, దీన్నే పట్టుకుని గోలీ సోడా సీసా మీద ప్రయోగించి "బ్రిటిష్ కాలం" అని ఊదరగొడతారు. గోలీ సీసాలో గోలీ వేసినాకే మూతి బిగించాలి, కాబట్టి మొన్న చేసిన దాంట్లో కూడా గీత మూతి దాకా రాకపోవచ్చు. హైరామ్ కాడ్ అనే ఇంగ్లీషాయన దీనికి పేటెంటు తీసుకునింది 1872లో, కానీ మన దేశంలో ఈ సీసాలు ఇప్పటికీ తయారవతానే ఉన్నాయి. గాజులో బుడగలుంటే పాతది అనేది కూడా తప్పే, చిన్న కార్ఖానాల గాజులో ఇప్పుడూ బుడగలుంటాయి.

మరి దేన్ని నమ్మాలి? అరుగుదలని. సీసా అడుగు తిప్పి భూతద్దంలో చూడండి, నేలకి ఆనే అంచు మీద మాత్రమే అడ్డదిడ్డంగా సన్నగీతలు ఉండాలి. గీతలన్నీ ఒకే వైపుకి ఉంటే ఎవరో ఉప్పుకాగితం రుద్దినారని అర్థం. పెట్టెల్లో ఒకదానికొకటి తగిలి భుజం దగ్గర చుట్టూ మసక పట్టీ ఉంటాది, గోలీ ఆగే నొక్కుల కాడ లోపలి గాజు అరిగి ఉంటాది. ఈ లోపలి అరుగుని దొంగగా చేయడం చాలా కష్టం.

అక్షరాలు, లేబుల్ ఉంటే ఇంకా సులువు. ధర అణాల్లో ఉంటే మామూలుగా 1957కి ముందుది. పిన్‌కోడ్ ఉంటే 1972 తర్వాతది. మన దేశపు సరుకు మీద మి.లీ. అని ఉంటే మెట్రిక్ కొలతలొచ్చినాక చేసింది, అంతకుముందు ఔన్సులు, డ్రాములు అనే పాత ఇంగ్లీషు కొలతలు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో, దానికి ముందు చిత్తూరు, తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి, కాబట్టి చిత్తూరు అని రాసి పక్కన ఉత్తర ఆర్కాటు అని ఉన్న లేబుల్ కనిపిస్తే ఆ సీసాని ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి. అడుగున ఏజీఐ అని ఉంటే అది హైదరాబాదు గాజు కంపెనీది, స్వాతంత్ర్యం వచ్చిన చాలా కాలానికి చేసింది. బార్న్‌స్లీ అని ఉంటే ఇంగ్లండు నుంచి వచ్చింది, రైలాండ్స్ అనే గాజు కంపెనీవాళ్ళ గోలీ సీసాలు ఆ ఊరివే.

విలువ

ముందు మూతి. మూతి పెచ్చు లేస్తే ధర దబ్బున పడిపోతాది. తర్వాత అక్షరాలు, ఏ అక్షరాలూ లేని నున్నటి సీసాకంటే ఊరి పేరు, సోడా కంపెనీ పేరు ఉబ్బెత్తుగా పోసింది మేలు, అది మన పక్క ఊరయితే మన పక్కే గిరాకీ. తర్వాత రంగు. లేత ఆకుపచ్చ మామూలు, ముదురు నీలం అరుదు. ఊదా రంగు సీసాతో జాగ్రత్త, మాంగనీసు కలిపిన పాత గాజు ఎండకి లేతగా ఊదా తిరగతాది, అమ్మేవాళ్ళు రేడియేషన్ పెట్టించి కూడా ఆ రంగు తెప్పిస్తారు, మరీ ముదురు ఊదా కనిపిస్తే వదిలేయండి. చివరగా బిరడా, గోలీ, పెట్టె అన్నీ వెంట ఉన్నాయా అని.

ఆన్‌లైన్లో ఎవరో వేలల్లో అడిగినారని మీ సీసాకి ఆ ధర అనుకోద్దు. అడిగేది ధర కాదు, అమ్ముడుపోయింది ధర. అట్లాంటి సీసాలే, అదే స్థితిలో ఉన్నవి, నిజంగా ఎంతకి పోయినాయో కొన్ని పోల్చి చూసి, మీ సీసాలో ఉన్న లోపానికి తగ్గించుకోండి. బయటి దేశంవాళ్ళు కొంటామంటే ఆగండి, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువుని ఎవరంటే వాళ్ళు దేశం దాటించకూడదు, పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదని సర్టిఫికెట్ తీసుకున్నాకే పంపాలి.

ఇక్కడివాళ్ళకి పార్శిల్ చేసేటప్పుడు గోలీ కదలకుండా మెడలోకి మెత్తటి తెల్ల కాగితం మెల్లగా కూరి, సీసాని నూలుగుడ్డలో చుట్టి, దాని పైన మాత్రమే న్యూస్‌పేపర్ చుట్టండి. న్యూస్‌పేపర్ సిరా లేబుల్‌కి అంటితే ఇంక పోదు.