గొంతు బొంగురు పోతోందా? ఒక స్ట్రా చాలు

రోజుకి ఆరు పీరియడ్లు చెప్పే ఉద్యోగం నాది. గురువారం వచ్చేసరికి గొంతు గరగరే. స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళితే మందు రాస్తారేమో అనుకున్నా. ఆవిడ చేతికి స్ట్రా ఇచ్చారు!

సగం నీళ్లున్న బాటిల్‌లో స్ట్రాని రెండు వేళ్ల లోతు మాత్రమే ముంచండి, అడుగుకి తగలనివ్వొద్దు. పెదాలు బిగించి, స్ట్రాలోంచి "ఊ..." అంటూ బుడగలు తెప్పించండి. ఉత్త గాలి ఊదితే లాభం లేదు. గొంతు మీద వేలు పెట్టి చూడండి, అదురు తెలియాలి. బుడగలు ఆగకుండా ఒకే తీరున రావాలి. అది కుదిరాక కింది స్వరం నుంచి పైకి, పైనుంచి కిందికి మెల్లగా జారండి. రెండు నిమిషాలు చాలు. నేను మొదటి పీరియడ్‌కి ముందు, మళ్లీ లంచ్‌లో చేస్తా. పిల్లలు నవ్వుతారు, నవ్వనీండి.

మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు, అంటే గొంతులో శబ్దం పుట్టించే రెండు మడతలు, సెకనుకి 100 నుంచి 200 సార్లకు పైనే తగులుకుంటాయి. నీళ్ల వల్ల వెనక్కి తోసే ఒత్తిడి ఆ తాకిడిని మెత్తబరుస్తుందట.

ఇంకోటి. గొంతు పోయిందని గుసగుసగా మాట్లాడకండి, చాలామందికి దాంతో గొంతు ఇంకా బిగుసుకుంటుంది. మాట్లాడకుండా ఉండటమే నయం. ఖళ్లుమని గొంతు సవరించుకునే బదులు ఒక గుక్క నీళ్లు మింగండి.

బొంగురు మూడు వారాలు దాటితే మాత్రం స్ట్రా పక్కన పెట్టి ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి.