ఎన్నికల ఫలితాలు చదవడం ఎలా? – 4వ పాఠం: ఓడినవాళ్ల లెక్క

పోయిన పాఠంలో గీసుకున్న పట్టిక తీయండి. పార్టీ, పోటీ చేసిన సీట్లు, గెలిచిన సీట్లు, ఓట్ల శాతం అని నాలుగు గడులు ఉన్నాయి కదా. ఇవాళ ఐదోది కలుపుదాం. సీట్ల శాతాన్ని ఓట్ల శాతంతో భాగించగా వచ్చే అంకె అందులో రాయాలి. సరిగ్గా 1 వస్తే ఓట్లకు తగ్గ సీట్లు దక్కినట్టు. అంతకన్నా తగ్గితే ఆ మేరకు నష్టపోయినట్టు.

మన దగ్గరే మొదలుపెడదాం. 2024 అసెంబ్లీ ఎన్నికల్లో వైఎస్సార్‌సీపీకి 39.4 శాతం ఓట్లు పడ్డాయి, 175లో 11 సీట్లు వచ్చాయి. 11 అంటే 6.3 శాతం. 6.3ని 39.4తో భాగిస్తే 0.16. 2019లో టీడీపీకి కూడా ఓట్లు 39 శాతమే, కానీ సీట్లు 23. అంకె 0.33 పైచిలుకు.

ఓట్లు ఇంచుమించు సమానమే, 2024 అంకె మాత్రం 2019లో సగమే. కారణం విశాఖలోనే కనిపిస్తుంది. 2019లో రాష్ట్రమంతా ఫ్యాన్ గాలి వీచినా తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం నాలుగూ సైకిల్‌కే దక్కాయి. ఓడిన పార్టీ ఓట్లు కొన్నిచోట్లైనా గట్టిగా పోగుపడితే నాలుగు సీట్లు మిగులుతాయి. 2024లో మూడు పార్టీలు జట్టు కట్టేసరికి ఆ అవకాశం లేకుండా పోయింది. ఒక్క గాజువాకలోనే మెజారిటీ 95 వేలు దాటింది.

ఇప్పుడు సింగపూర్. 1959 నుంచి అక్కడ పీపుల్స్ యాక్షన్ పార్టీదే ప్రభుత్వం. 2020లో మిగతా పార్టీలన్నిటికీ కలిపి 38.8 శాతం ఓట్లు, 93లో 10 సీట్లు. లెక్క కడితే 0.28. మన 0.16 కన్నా నయమే! అయినా ఒకే పార్టీ పాతుకుపోయింది అక్కడ, ఇక్కడ కాదు. మన దగ్గర 2014, 2019, 2024 మూడుసార్లూ కుర్చీ చేతులు మారింది. అందుకే ఒక్క ఎన్నిక అంకె పట్టుకుని ఆధిపత్యం అనేయకూడదు. కనీసం మూడు వరస ఎన్నికలకు గడి నింపాలి. టీవీ చర్చల్లో ఈ ఓపిక ఎవరికీ ఉండదు.

ఇంకో తిరకాసు రెండో గడిలో ఉంది. 2001లో సింగపూర్ పాలక పార్టీకి 75 శాతం ఓట్లు. బాబోయ్ అనిపిస్తుంది. కానీ 84 సీట్లలో 55 చోట్ల పోటీయే లేదు, మన పంచాయతీ ఏకగ్రీవాల మాదిరి. ఆ 75 శాతం మిగిలిన 29 సీట్లలో పడిన ఓట్లదే. అంతకుముందు 1991లో ప్రతిపక్షాలు కావాలనే సగానికి పైగా సీట్లు వదిలేశాయి. ప్రభుత్వం ఎటూ మారదని తేలిపోతే జనం టెన్షన్ లేకుండా తమకు ఓటేస్తారని వాళ్ల ఎత్తు. నాలుగు సీట్లు వచ్చాయి. ఆ రోజుల్లో అక్కడ అది తక్కువేమీ కాదు.

అక్కడ చాలా నియోజకవర్గాల్లో నలుగురైదుగురు ఒక జట్టుగా నిలబడతారు, గెలిచిన జట్టుకే అన్ని సీట్లూ. 2011లో అల్జునీద్‌లో వర్కర్స్ పార్టీ దాదాపు 55 శాతం ఓట్లతో ఐదు సీట్లూ ఒక్కసారే పట్టుకుపోయింది. పాలక పార్టీకి లాభించే పద్ధతే ఆ రోజు దానికి ఎదురుతిరిగింది.

మన చరిత్రలోనూ ఇలాంటి అంకె ఉంది. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు, 196లో 15 సీట్లు: 0.25. కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఏకమై నిలబడ్డాయి. కమ్యూనిస్టుల ఓట్ల శాతం అంతకుముందుకన్నా పెరిగింది, సీట్లు మాత్రం కుప్పకూలాయి. ‘తుడిచిపెట్టుకుపోయారు’ అన్న మాట వినగానే ఓట్ల గడి వైపు చూడటం అలవాటు చేసుకోండి.

అభ్యాసం: 2021 విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఎన్నికల్లో 98 వార్డులకు వైఎస్సార్‌సీపీ 58, టీడీపీ 30 గెలిచాయి. మీ వార్డు, చుట్టుపక్కల నాలుగు వార్డుల ఓట్లు సంపాదించండి. ఓడిన వాళ్లందరి ఓట్లు కలిపితే గెలిచిన వాళ్లను దాటినవి ఎన్నో గుర్తు పెట్టండి. అలా కలిపిన ఓట్లు నిజంగా ఒకే గుర్తుకు పడేవా అన్నది 5వ పాఠంలో చూద్దాం.