ఈసీజీ లీడ్లు సరిగ్గా పెట్టడం ఎలా? చిక్కంతా వి1 దగ్గరే

మెషీన్‌లో కాగితం వేగం 25 (సెకనుకు మి.మీ.), గీత ఎత్తు 10 (మిల్లీవోల్టుకు మి.మీ.) ఉన్నాయో లేదో చూసుకోండి. పేషెంట్‌ని వెల్లకిలా పడుకోబెట్టండి. ఆడవాళ్లయితే కర్టెన్ వేయాలి, పైన దుప్పటి ఉంచాలి. చలికి వణికినా, భయంతో కండరాలు బిగబట్టినా గీత చెడిపోతుంది. అందుకే ముందు రెండు మాటలు మాట్లాడి స్థిమితపరచండి.

క్లాంపులు పెట్టడం తేలికే. కుడి చేతికి ఎరుపు, ఎడమ చేతికి పసుపు, ఎడమ కాలికి ఆకుపచ్చ, కుడి కాలికి నలుపు. అమెరికా పద్ధతి వైర్లకు రంగులు వేరు, అక్కడ ఎరుపు ఎడమ కాలికి వెళ్తుంది. కాబట్టి రంగుతో పాటు వైరు మీది అక్షరమూ చదవాలి.

ఇక ఛాతీ లీడ్లు, వి1 నుంచి వి6 దాకా ఆరు. వి1 ఛాతీ మధ్య ఎముకకు కుడి అంచున, నాలుగో పక్కటెముకల సందులో ఉండాలి. చాలామంది చనుమొనను చూసి అంచనాగా పెట్టేస్తారు. అది మనిషి మనిషికీ మారుతుంది, వయసుతో జారుతుంది. దాన్ని గుర్తుగా తీసుకోకూడదు. కొందరు కాలర్ బోన్ కింద నుంచి లెక్కపెడతారు. కాలర్ బోన్‌కీ మొదటి పక్కటెముకకీ మధ్య చిన్న సందు తగులుతుంది. దాన్ని మొదటిదిగా లెక్కేస్తే వి1 ఒక సందు పైకి పోతుంది.

గొంతు గుంటలో వేలు పెట్టి, ఎముక మీదుగానే నెమ్మదిగా కిందికి జరపండి. కొన్ని సెంటీమీటర్లు దిగగానే అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది. అక్కడ పక్కకు అంటుకుని ఉండేది రెండో పక్కటెముక. వేలిని కుడివైపు జరిపితే దాని కింద మెత్తగా తగిలేది రెండో సందు. అక్కడి నుంచి ఎముక, సందు, ఎముక, సందు. నాలుగో సందు వచ్చేదాకా వేలు ఎత్తకండి. ఎత్తితే మళ్లీ గొంతు గుంట నుంచే. లావుగా ఉన్నవాళ్లకు కాస్త గట్టిగా నొక్కాలి, ముందే చెప్పి నొక్కండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, వి1, వి2 పైకి జరిగితే వాటిలో ఆర్ అలలు (గీతలో సూదిగా పైకి లేచేవి) చిన్నవై, టీ అలలు (వాటి తర్వాత గుండ్రంగా వచ్చేవి) తలకిందులై, ఏ జబ్బూ లేని మనిషికి కూడా పాత గుండెపోటు ఉన్నట్టు కనిపించవచ్చు. ఆ కాగితం పట్టుకుని ఇంటిల్లిపాదీ టెన్షన్‌తో ఎకోకి (గుండె స్కానింగ్‌కి) పరుగెత్తాలి. మనం వేలితో లెక్కపెట్టడానికి పట్టేది అర నిమిషం.

వి2 అదే వరుసలో ఎడమ అంచున. తర్వాత వి3 కాదు, వి4 పెట్టాలి: ఐదో సందు, ఎడమ కాలర్ బోన్ మధ్య నుంచి నేరుగా కిందికి. వి2, వి4ల సరిగ్గా మధ్యలో వి3. వి5 చంక ముందు అంచు కింద, వి6 చంక మధ్య కింద, రెండూ వి4తో ఒకే మట్టంలో. పక్కటెముక వంపు వెంట పైకి పోవద్దు. ఆడవాళ్లకు వి4 రొమ్ము కింద పెట్టాలి. రొమ్మును ఆవిడనే ఎత్తి పట్టుకోమనండి.

ఛాతీకి అతికించే ఒక్కో రబ్బరు బల్బుకు జెల్లీ బఠాణీ గింజంత చాలు. ఛాతీ అంతా పూస్తే లీడ్లు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి.

ప్రింట్ రాగానే లీడ్ 1 (రెండు చేతుల మధ్య తీసే గీత) చూడండి. అందులో అలలన్నీ తలకిందులుగా ఉండి, ఏవీఆర్ (కుడి చేతి వైపు నుంచి చూసే లీడ్) నిటారుగా ఉంటే ముందు చేతి వైర్లు మారాయేమో చూసి మళ్లీ తీయండి. కట్టు వల్ల ఏదైనా లీడ్ పక్కకు పెట్టాల్సి వస్తే ఆ సంగతి కాగితం మీద రాయాలి. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లకు కాసేపటికి మళ్లీ తీస్తారు కాబట్టి, బల్బులు తీసేముందు ఆరు చోట్లా పెన్నుతో చుక్కలు పెట్టండి.