అరువు తెచ్చుకున్న తరగతి: ఇంటర్న్‌షిప్ మొదటి వారాల్లో జాగ్రత్తలు

బెంగళూరులో బి.ఇడి. చదివే తెలుగువాళ్లు ఏటా కొందరు మా బడికి ఇంటర్న్‌షిప్‌కు వస్తారు. అనంతపురం నుంచి, మదనపల్లె నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండేవాళ్లు కొందరు, ఇక్కడే కె.ఆర్. పురంలో పుట్టి పెరిగినవాళ్లు కొందరు. నేను ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెబుతాను కాబట్టి వాళ్లలో ఒకరిద్దరు నా తరగతిలో చివరి బెంచీలో చేరతారు. మొదటిరోజు అందరి ముఖాల్లోనూ ఒకటే బెంగ: పిల్లలు నా మాట వింటారా అని. వింటారు. మొదటి మూడు రోజులు కొత్త గొంతు మోజులో ఎవరి మాటైనా వింటారు. చిక్కులు ఆ తర్వాత మొదలవుతాయి. వాటిలో చాలా భాగం పిల్లల వల్ల వచ్చేవి కావు, తరగతి తమదే అనుకోవడం వల్ల వచ్చేవి. పెళ్లికి పక్కింటి నుంచి గంగాళం అరువు తెచ్చుకుంటే ఎలా వాడతాం? సొట్ట పడకుండా చూసుకుని, తోమి, తిరిగి ఇస్తాం. మీకిచ్చిన తరగతి కూడా అలాంటిదే. నేను చెప్పే జాగ్రత్తలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

నేను చదివిన రోజుల్లో బి.ఇడి. ఒక్క ఏడాదే. లెక్కపెట్టుకుని పాఠాలు చెప్పి వెళ్లిపోయేవాళ్లం, పిల్లలు కూడా మమ్మల్ని చుట్టపుచూపుగా వచ్చినవాళ్లలాగే చూసేవారు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో కోర్సు రెండేళ్లయింది. బడిలో గడపవలసిన 20 వారాల్లో 16 వారాలు రెండో ఏడాదిలోనే వస్తాయి. పదహారు వారాలంటే పిల్లలకు దాదాపు సగం సంవత్సరం. ఆ మధ్యలో ఎఫ్.ఎ. అనే చిన్న పరీక్ష ఒకటైనా వస్తుంది, ఒక్కోసారి ఎస్.ఎ. అనే పెద్ద పరీక్ష కూడా. మీరు తప్పు చెప్పిన లెక్కకు మార్కులు పోయేది వాళ్లకు.

మొదటి సోమవారానికి ముందు

బడి దాకా ఒకసారి వెళ్లి చూసుకోండి. ఆదివారం కాదు, పనిరోజున, మీరు నిజంగా బయలుదేరే వేళకే. కె.ఆర్. పురం దగ్గరి టిన్ ఫ్యాక్టరీ కూడలిలో ఆదివారం పది నిమిషాల్లో దాటిన దారి సోమవారం ఎంత సేపు పడుతుందో చెప్పలేం. పర్పుల్ లైన్ మెట్రో దగ్గరగా ఉంటే దాన్నే నమ్ముకోండి. బి.ఎం.టి.సి. సిటీ బస్సులో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కదా అని చేతిలో చిల్లర లేకుండా ఎక్కకండి. ఆ ఉచిత ప్రయాణమిచ్చే శక్తి పథకం కర్ణాటక నివాసులకే. ఆధార్‌లో ఆంధ్ర చిరునామా ఉంటే కండక్టర్ టికెట్ కొట్టక తప్పదు. ప్రార్థనకు ఆలస్యంగా వచ్చిన ఛాత్రోపాధ్యాయురాలిని పిల్లలు వారం రోజులు గుర్తుపెట్టుకుంటారు. అన్నట్టు, ప్రార్థనలో నాడగీతె, అంటే కర్ణాటక రాష్ట్రగీతం, పాడతారు. ముందే విని నేర్చుకోండి. పెదవులు ఊరికే కదిలించేవాళ్లను ఆరో తరగతి పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

సొంత డస్టర్, సుద్దముక్కల పెట్టె, నీళ్ల సీసా. సామాను అంతే.

చూడడం నేర్చుకునే వారం

మొదటి వారం చాలావరకు పరిశీలనే ఉంటుంది. పరిశీలన రికార్డు నింపడమే పనిగా పెట్టుకున్నవాళ్లు తరగతిని చూడరు. "ఉపాధ్యాయురాలు పూర్వజ్ఞానాన్ని పరీక్షించారు" అని రాసి పేజీ తిప్పేస్తారు. రికార్డు రాయండి, కాదనను. దాంతోపాటు ఒక తెల్ల కాగితం మీద బెంచీల పటం గీసి, ఏ పిల్ల ఎక్కడ కూర్చుంటుందో పేర్లతో నింపండి. మూడు రోజుల్లో నలభై పేర్లు వచ్చేస్తాయి. "ఏయ్, నీలం రిబ్బన్" అనే అవస్థ తప్పుతుంది. టీచరు అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆ పటంలో ఒక చుక్క పెట్టండి. వారం చివర చూస్తే చుక్క పడని పేర్లు ఏడెనిమిది తేలతాయి. నా తరగతి పటం ఒక అమ్మాయి అలా నాకే చూపించింది. కిటికీ వైపు వరుస మొత్తంలో ఒక్క చుక్కా లేదు. ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు.

మరొకటి కూడా గమనించాలి. మీ గైడ్ టీచర్, అంటే మీరు ఎవరి తరగతిలో పని నేర్చుకుంటున్నారో ఆ టీచరు, ఒక లెక్కను ఏ పద్ధతిలో చేయిస్తున్నారు? సమీకరణాలను త్రాసు పద్ధతిలో, రెండు వైపులా ఒకే సంఖ్య తీసివేస్తూ, నేను మూడు వారాలు నేర్పాను. తర్వాత వచ్చిన కుర్రవాడు ఉత్సాహంగా "అటువైపు వెళితే గుర్తు మారుతుంది, అంతే" అని ఒక్క పీరియడ్‌లో తేల్చేశాడు. అతడు చెప్పింది తప్పు కాదు. కానీ సగం మంది పిల్లలు ఆ పై వారం రెండు వైపులా తీసివేసి, మళ్లీ గుర్తు కూడా మార్చారు. మీకు మెరుగైన పద్ధతి తెలిస్తే ముందు గైడ్ టీచర్‌తో చెప్పండి. "ఇప్పుడు వద్దు" అంటే ఇప్పుడు వద్దు.

కన్నడం, తెలుగు, మధ్యలో మనం

ఇది మనవాళ్లకు ప్రత్యేకం. ఇంగ్లీషు మీడియం బడిలో వేశారు కదా అని నిశ్చింతగా ఉండకండి. 2015 నాటి చట్టం ప్రకారం కర్ణాటకలో ప్రతి బడిలోనూ కన్నడను మొదటి లేదా రెండో భాషగా నేర్పాలి. ప్రార్థన, నోటీసులు, స్టాఫ్‌రూము మాటలు చాలావరకు కన్నడలోనే సాగుతాయి. కన్నడ మీడియం అయితే మరీ జాగ్రత్త. తెలుగు, కన్నడ అక్కాచెల్లెళ్లు, నాలుగు రోజుల్లో వచ్చేస్తుందిలే అనుకుంటాం. ఆ దగ్గరితనమే కాలు జారే చోటు.

సంఖ్యారేఖ చెబుతూ ఒక ఛాత్రోపాధ్యాయుడు "సున్నాకు కుడి" అన్నాడు. కన్నడలో కుడి అంటే తాగు. కుడివైపుకు వాళ్ల మాట బల. ముందు బెంచీ పిల్లవాడు ఎంతో వినయంగా నీళ్ల సీసా మూత తీశాడు. తర్వాత ఐదు నిమిషాలు లెక్క ముందుకు సాగలేదు. మన గుణకారం వాళ్లకు గుణాకార, మన భాగహారం భాగాకార, మన దీర్ఘచతురస్రం ఆయత. పాఠానికి ముందురోజు కన్నడ పుస్తకంలో ఆ పాఠం పదాలన్నీ ఒక చీటీ మీద రాసుకోండి, మీకు తెలుసనుకున్నవి కూడా.

నల్లబల్ల మీద చేతివాటం మరో చిక్కు. కన్నడ తలకట్టు అడ్డంగా సాగి కొసన వంగుతుంది, మనది పైకి లేచే టిక్కు. చేయి అలవాటుగా మనదే వేస్తుంది. వాళ్లు చాలా దీర్ఘాలకు అక్షరం పక్కన వేరే గుర్తు పెడతారు, మనం గుడి ఆకారమే మారుస్తాం. పెద్ద తరగతులు నవ్వి ఊరుకుంటాయి. ఆరో తరగతిలో మాత్రం ఇద్దరు ముగ్గురు మీరు రాసినట్టే నోట్సులో దించుకుంటారు, వాటిని కన్నడ టీచర్ దిద్దుకోవాలి.

తరగతిలో తెలుగు పిల్లలు ఉంటారు. కర్నూలు వైపు నుంచి భవన నిర్మాణ పనులకు వచ్చిన కుటుంబాలవాళ్లు, తరతరాలుగా కోలారు, చింతామణి ప్రాంతాల తెలుగు మాట్లాడేవాళ్లు. మీరు నోరు విప్పగానే వాళ్ల కళ్లు మెరుస్తాయి, మీకూ ప్రాణం లేచి వస్తుంది. అక్కడే ఆగండి. తరగతి మొత్తానికి తెలుగులో వివరించడం మొదలుపెడితే తమిళ పిల్లలు, ఉర్దూ పిల్లలు, కలబురగి నుంచి వచ్చిన పిల్లలు ఆ పీరియడ్‌కు బయటివాళ్లు అయిపోతారు. తెలుగు పిల్ల లెక్క దగ్గర చిక్కుకుంటే బెంచీ పక్కన కూర్చుని, నెమ్మదిగా రెండు తెలుగు ముక్కలు చెప్పండి. చాలు. వాళ్ల తెలుగు మీ తెలుగులా లేదని మాత్రం ఎప్పుడూ దిద్దకండి.

మొదటి పాఠం

పాఠాన్ని దశలుగా విడగొట్టే హెర్బార్ట్ మెట్లయినా, ఐదు 'ఇ'ల పద్ధతయినా, కాలేజీలో రాసిన పాఠ్యపథకం నలభై నిమిషాలకు సరిపోతుందంటే నమ్మకండి. హాజరు, మధ్యలో వచ్చే సర్క్యులర్, "బరీబేకా మిస్?" (రాసుకోవాలా మిస్?) అనే ప్రశ్న పోగా పాతిక నిమిషాలు మిగిలితే గొప్ప. పాతిక నిమిషాలకే పాఠం కట్టుకోండి. మిగిలిన సమయానికి రెండు లెక్కలు జేబులో ఉంచుకోండి.

బల్ల మీద చేయబోయే ప్రతి లెక్కనూ ముందురోజు రాత్రి కాగితం మీద చివరిదాకా చేయండి. సులువైనవి కూడా. నలభై జతల కళ్ల ముందు ఏడు ఎనిమిదులు యాభై నాలుగు అయిపోతాయి, నాకే అయ్యాయి. తప్పు పడితే దాచకండి. పట్టిన పిల్ల పేరు చెప్పి, కొట్టేసి, పక్కన సరిగా రాయండి. బల్ల మొత్తం తుడిచేస్తే ఏది తప్పో ఎవరికీ తెలియదు. రాస్తూ మాట్లాడకండి, గొంతు గోడకు పోతుంది.

ప్రశ్న అడిగాక ఆగడం అన్నిటికంటే కష్టం. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతుల రికార్డింగులు విని తేల్చిన సంగతి ఇది: టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక సెకను కంటే ఎక్కువ ఆగడం లేదు. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవుగా, ఆలోచనతో వచ్చాయి, మామూలుగా నోరు విప్పనివాళ్లూ చెప్పడం మొదలుపెట్టారు. మూడు సెకన్లు కాగితం మీద చిన్నవే. కొత్త టీచరుకు ఆ నిశ్శబ్దం ఒక యుగం. మనసులో ఒకటి, రెండు, మూడు అనుకోండి. ఇక "అర్థ ఆయ్తా?" (అర్థమైందా?) అని అడగడం మానేయండి. "హా మిస్" అనే కోరస్ తప్ప ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. దానికి బదులు ఒక చిన్న లెక్క ఇచ్చి బెంచీల మధ్య నడవండి.

గొంతు రెండో వారంలో పోతుంది. అరవడం వల్లే పోతుంది. పోయిన గొంతుతో గుసగుసగా మాట్లాడినా ఇంకా పాడవుతుంది. మొదటి రోజు నుంచే చప్పట్ల వంటి ఒక సంకేతం అలవాటు చేయండి. గైడ్ టీచర్‌కు ముందే ఒకటి ఉంటే అదే వాడండి, కొత్తది కనిపెట్టకండి.

బయటికి పంపకండి

ఇది నా సొంత కథ. పెద్ద గోల చేస్తున్నాడని ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి వరండాలో నిలబడమన్నాను. అప్పట్లో అది శిక్ష అని కూడా అనిపించలేదు. పీరియడ్ అయ్యాక చూస్తే వరండా ఖాళీ. గంటన్నర తర్వాత బస్‌స్టాపులో దొరికాడు, ఇంటికి వెళ్లడానికి డబ్బులు లేక కూర్చున్నాడు. ఆ గంటన్నర హెడ్‌మాస్టర్ నన్ను ఒక్క మాట అనలేదు. గేటు దగ్గరే నిలబడ్డారు. జరగరానిది జరిగితే సమాధానం చెప్పుకోవలసింది ఆయన, నేను కాదు. అరువు తెచ్చుకున్న తరగతి అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ రోజే.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గోడకుర్చీ వేయించడం, గుంజీలు తీయించడం, పేరు పెట్టి ఎగతాళి చేయడం మీ చిన్నప్పుడు మామూలే కావచ్చు. ఇప్పుడు ఏదీ కుదరదు. మరి ఏం చేయాలి? దగ్గరికి వెళ్లి నిలబడండి. సగం గోల అక్కడే చల్లారుతుంది. మిగతా సగానికి పీరియడ్ తర్వాత ఆ పిల్లవాడితో విడిగా మాట్లాడండి. అప్పటికీ కుదరకపోతే గైడ్ టీచర్‌కు చెప్పండి. అది ఓటమి కాదు.

చాక్లెట్లతో మంచి చేసుకోకండి, మీరు వెళ్లిపోయాక ఆ ఖర్చు టీచరు మీద పడుతుంది. "మీ నాన్న ఏం చేస్తారు" అని తరగతి మధ్యలో అడగకండి. పిల్లల ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. రికార్డుకు ఫోటో కావాలంటే హెడ్‌మాస్టర్ అనుమతితో, ముఖాలు కనబడకుండా వెనక నుంచి తీసుకోండి. పిల్లలకు మీ నంబరు ఇవ్వవద్దు.

ఒక పిల్ల మీ దగ్గరికి వచ్చి "ఎవరికీ చెప్పనంటే ఒకటి చెబుతాను" అనవచ్చు. కొత్తవాళ్ల దగ్గరే పిల్లలు ఇలాంటివి బయటపెడతారు. చెప్పనని మాట ఇవ్వకండి. "నీకు సాయం చేయగలవాళ్లకు మాత్రమే చెబుతాను" అనండి. వినండి, గుచ్చిగుచ్చి అడగకండి. లైంగిక వేధింపు అని అనుమానం కలిగినా 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. అదే రోజు హెడ్‌మాస్టర్‌కు చెప్పండి. చైల్డ్‌లైన్ నంబరు 1098. ఆ పిల్ల పేరు మీ హాస్టల్ గదిలో కూడా రాకూడదు.

మిగిలినవి

స్టాఫ్‌రూములో ఎవరి కుర్చీ ఎవరిదో కనుక్కుని కూర్చోండి. తోటి టీచర్ల మీద వ్యాఖ్యలు వినబడతాయి, విని వదిలేయండి. ఖాళీ పీరియడ్‌కు పంపితే వెళ్లండి, కానీ వారానికి ఎన్నిసార్లు పంపుతున్నారో రాసి పెట్టుకుని కాలేజీ సూపర్‌వైజర్‌కు చూపండి. రికార్డు ఏ రోజుది ఆ రోజే రాయండి, ఆఖరి వారంలో రాసిన రికార్డును సిరా రంగే పట్టిస్తుంది.

సూపర్‌వైజర్ వచ్చే ముందురోజు పిల్లలకు జవాబులు నేర్పి ఉంచాలనిపిస్తుంది. వద్దు. పిల్లలు మీ మీద ప్రేమతో మీరు ప్రశ్న పూర్తి చేయకముందే చేతులెత్తుతారు. సూపర్‌వైజర్ ఇలాంటివి ఇరవై ఏళ్లుగా చూస్తున్నారు.

తరగతిని తిరిగి అప్పగించే రోజు గురించి మొదటి వారంలోనే ఒక నోట్‌బుక్ తెరవండి. ఏ పేజీ దాకా అయింది, ఏ అభ్యాసంలో ఏ లెక్కలు వదిలేశారు, ఎవరి నోట్సులు దిద్దలేదు, భిన్నాల దగ్గర ఇంకా తడబడుతున్నవాళ్లు ఎవరు. పోయినేడు ఒక అబ్బాయి చివరి రోజున నాకు ఇచ్చిన నోట్‌బుక్‌లో కిటికీ వరుసలోని పదకొండు పేర్లున్నాయి, ఒక్కో పేరు ఎదురుగా ఒక్కో వాక్యం. పిల్లలు అతనికి పెన్నులు, గ్రీటింగ్ కార్డులు ఇస్తున్నంతసేపూ నేను వెనక బెంచీలో కూర్చుని అది చదువుతూ ఉన్నాను. సోమవారం పాఠం ఆ మొదటి పేరుతోనే మొదలుపెట్టాను.