ఇన్‌స్టాల్ ఆగిపోతే ముందు పైకి జరిపి చదవండి

పైథాన్ ప్యాకేజీ వేస్తుంటే స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు వచ్చాయా? టెన్షన్ పడి అదే కమాండ్ మళ్లీ మళ్లీ కొట్టకండి. చివర్లో కనిపించే ‘వీల్ బిల్డ్ ఫెయిల్’ అన్న వరుస ఫలితం మాత్రమే (వీల్ అంటే ఇన్‌స్టాల్‌కు సిద్ధంగా ఉన్న ప్యాకేజీ ఫైల్). అసలు కారణం దానికి చాలా పైన ఉంటుంది.

పైథాన్‌ను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో కలిపే సైకోపీజీ2 ప్యాకేజీ కోసం నేను ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. పైథాన్‌నే రెండుసార్లు తీసేసి మళ్లీ వేశాను. తీరా పైకి జరిపి చూస్తే, పోస్ట్‌గ్రెస్ ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే పీజీ-కాన్ఫిగ్ అనే ప్రోగ్రామ్ దొరకలేదని స్పష్టంగా రాసి ఉంది. ఆ ప్యాకేజీ సి భాషలో ఉన్న కోడ్‌ను మన మెషీన్‌లోనే కంపైల్ చేస్తుంది, అంటే మెషీన్ నడపగల రూపంలోకి మారుస్తుంది. దానికి పోస్ట్‌గ్రెస్ హెడర్ ఫైళ్లు (కంపైల్ చేసేటప్పుడు చదివే సి ఫైళ్లు) కావాలి. ఉబుంటు లినక్స్‌లో ఆప్ట్ అనే టూల్‌తో, ఇవన్నీ ఉన్న లిబ్‌పీక్యూ-డెవ్ ప్యాకేజీ వేయగానే పని అయిపోయింది. అప్పటి నుంచి ఏదైనా హెడర్ ఫైల్ లేదని వస్తే, పేరు చివర ‘డెవ్’ ఉన్న ప్యాకేజీ కోసమే ముందు వెతుకుతాను. ఫెడోరాలో అయితే ‘డెవెల్’ అని ఉంటుంది.

వెర్షన్ల గొడవ వేరు. 2024లో లెక్కల లైబ్రరీ నంపై 2.0 వచ్చాక, పాత 1 సిరీస్ కోసం కంపైల్ అయిన లైబ్రరీలు కొన్ని ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోయాయి. అలాంటప్పుడు ఆ లైబ్రరీని అప్‌డేట్ చేయండి. కొత్త వెర్షన్ లేకపోతే నంపైని 2 కంటే తక్కువ వెర్షన్‌లో ఉంచండి. ప్యాకేజీలు తాము కోరిన వెర్షన్ల ప్రకారం ఏది దేనితో పొసగడం లేదో, పైథాన్ ప్యాకేజీలు వేసే టూల్ పిప్‌లోని ‘పిప్ చెక్’ కమాండ్ చెబుతుంది.

‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్’ (ఈ పైథాన్‌ను ఆపరేటింగ్ సిస్టమే చూసుకుంటుంది) అని వస్తే మాత్రం దయచేసి బలవంతంగా వేయకండి. సిస్టమ్ టూల్స్ కూడా అదే పైథాన్ మీద నడుస్తాయి. ప్రాజెక్ట్‌కు విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్ట్ ప్యాకేజీలకే కేటాయించిన చోటు) పెట్టుకుని, అందులో వేయండి.