అరవై తెలుగు సంవత్సరాల పేర్లను అర్రేలో దాచి లూప్‌తో చూపడం

ప్రభవ నుంచి అక్షయ వరకు గల అరవై సంవత్సరాల పేర్లను సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో, విలువలను దాచే పేరున్న చోట్లైన అరవై వేరియబుల్స్‌లో దాచుకోవచ్చు గాని, వాటిని తెరపై చూపడానికి అరవై సార్లు ప్రింట్ఎఫ్ అనే ఆదేశం రాయవలసి వస్తుంది. వాటినే ఒక అర్రేలో, అంటే పక్కపక్కన ఉండే గదుల వరుసలో, అమర్చుకుంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే చిన్న లూప్ సరిపోతుంది. ఫలితాన్ని ఇంట్లో ఉన్న పంచాంగంతో సరిచూసుకోవచ్చు కనుక, కొత్తగా నేర్చుకునేవారికి ఇది మంచి అభ్యాసమని నా నమ్మకం.

ముందుగా క్యారెక్టర్ పాయింటర్ల (అక్షరాలు మెమరీలో ఎక్కడ ఉన్నాయో చెప్పే చిరునామాల) అర్రేను ప్రకటించి, ఫ్లవర్ బ్రాకెట్లలో ఒక్కొక్క పేరునూ డబుల్ కోట్స్‌లో ఉంచి, మధ్యలో కామాలు పెట్టాలి. పాయింటర్లకు బదులు నిర్ణీత వెడల్పు గల రెండు డైమెన్షన్ల అర్రే వాడేవారు తెలుగు లిపి ఎంత చోటు తీసుకుంటుందో గమనించాలి. ఒక్కో అక్షరానికి, గుర్తుకు యూనికోడ్ ఇచ్చే సంఖ్యను కోడ్ పాయింట్ అంటారు. వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కు 3 బైట్లు పడతాయి. కంటికి మూడక్షరాలుగా కనిపించే ‘ప్రభవ’లో ప, పొల్లు, ర, భ, వ అనే ఐదు కోడ్ పాయింట్లు ఉన్నందున, మాట ముగిసిందని తెలిపే సున్నా బైటుతో కలిపి దానికి 16 బైట్లు కావాలి.

ఇండెక్స్ అనేది మొదటి గది నుంచి ఎన్ని గదులు దాటాలో చెప్పే సంఖ్య. మొదటి గదికి ఏదీ దాటనక్కరలేదు కనుక ప్రభవ ఇండెక్స్ 0, అక్షయ ఇండెక్స్ 59 అవుతాయి.

ఫర్ లూప్‌లో ఐ అనే వేరియబుల్ విలువను 0తో మొదలుపెట్టి, అది 60 కంటే తక్కువగా ఉన్నంతవరకు ఒక్కొక్కటిగా పెంచుతూ, ఆ స్థానంలోని పేరును ప్రింట్ఎఫ్‌కు అందించాలి. షరతులో పొరపాటున ‘తక్కువ లేదా సమానం’ అని రాస్తే అర్రేలో లేని 61వ గదిని లూప్ చదవబోతుంది. సీ భాష ఆ హద్దును తానుగా పరీక్షించదు. ప్రోగ్రామ్ కుప్పకూలవచ్చు, చెత్త విలువ రావచ్చు, తప్పు అసలు బయటపడకనే పోవచ్చు. ఈ చివరిదే అన్నిటికంటే ప్రమాదకరం.

ఇక కావలసిన ఏడాది పేరు కనుక్కోవడానికి లూప్ కూడా అక్కరలేదు. 1987 ఉగాదితో ప్రభవ మొదలైంది కాబట్టి, ఏడాదిలోంచి 1987 తీసివేసి 60తో భాగిస్తే వచ్చే శేషమే ఇండెక్స్. 2025కు 38 వచ్చి విశ్వావసు దొరుకుతుంది. అయితే 1947 ఇస్తే సీలో శేషం −40గా వస్తుంది. అలాంటి గది లేదు. అందుకే శేషానికి 60 కలిపి, మళ్లీ 60తో శేషం తీయాలి. అప్పుడు 20 వచ్చి సర్వజిత్తు కనిపిస్తుంది. జనవరి ఒకటి నుంచి ఉగాది ముందు రోజు వరకు గల తేదీలకు మాత్రం ఏడాదిలో ఒకటి తగ్గించి ఈ లెక్క వేయాలి.