డిస్కు తప్పు కాదు, సెట్టింగులదే

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా ఇల్లు. మొన్నొక యాక్షన్ సినిమా బ్లూరే పెడితే, కార్లు పేలినప్పుడల్లా కిటికీ అద్దాలు అదిరాయి. మాటలు మాత్రం గొణుగుడే.

"డిస్కు బాగోలేదేమోరా, మార్చీ" అంది అమ్మ.

నాకు మనసొప్పలేదు. 5.1 ఆడియోలో, అంటే ఐదు స్పీకర్లకీ ఒక బాస్ స్పీకరుకీ విడివిడిగా పంచిన శబ్దంలో, మాటలు ఎక్కువగా మధ్య స్పీకరుకే వెళ్తాయి. నాకున్నవి రెండే స్పీకర్లు. స్పీకర్లకి శబ్దం పంపే రిసీవర్ మెనూ తెరిచి చూస్తే, మధ్య స్పీకర్ 'ఉంది' అని పెట్టి ఉంది! 'లేదు' అని మార్చాను. అంతే, ఆ మాటలు కుడి ఎడమలకి సర్దుకుని గుసగుసతో సహా వినబడ్డాయి. ఎంత హాయనిపించిందో!

ఇక బొమ్మ. టీవీని రంగులు మరీ మెరిపించే వివిడ్ మోడ్ నుంచి సినిమా మోడ్‌కి మార్చి, షార్ప్‌నెస్ తగ్గించి, కదలికల్ని నునుపు చేసే మోషన్ స్మూతింగ్ ఆపేశాను. సెకనుకి 24 ఫ్రేముల సినిమాలో టీవీ తన సొంత ఫ్రేములు కలిపితే సీరియల్ చూస్తున్నట్టుంటుంది. ఇప్పుడు చీకటి సీనులో నల్లకోటు మీది కుట్లు కూడా తెలుస్తున్నాయి. ఫిల్ముతో తీసిన సినిమాల్లో ఇసుక చల్లినట్టు సన్నటి చుక్కలు, అంటే గ్రెయిన్, కనిపిస్తే అది లోపం కాదు, దాన్ని చెరిపేస్తే మొహాలు మైనపుబొమ్మల్లా అయిపోతాయి.

రాత్రి పది దాటితే నైట్ మోడ్ వేస్తున్నాను. పేలుళ్లు తగ్గుతాయి, మాటలు నిలుస్తాయి, పక్కింటి తాతగారు నిద్రపోతారు.